పీల్ చేయించాక చెల్లి ముఖం కమిలింది.. నలుగు పెట్టొచ్చా?

మియాపూర్_మెట్రో · హైదరాబాద్

అందరికీ నమస్తే. మా చెల్లికి శ్రావణమాసంలో పెళ్లి. ముఖంలో కళ రావాలని ఇంటి దగ్గర ఒక స్కిన్ క్లినిక్‌లో యెల్లో పీల్ (మందు రాసి చర్మం పైపొర ఊడగొట్టే చికిత్స) చేయించుకుంది. వాళ్లు చేతికిచ్చిన కాగితంలో రెండే ముక్కలు: సన్‌స్క్రీన్ వాడండి, నీళ్లు బాగా తాగండి. మర్నాడు ఏమీ లేదు. ఆ తర్వాత ముఖం బిగుసుకుపోయి, మూతి చుట్టూ, ముక్కు పక్కన పొట్టు లేవడం మొదలైంది. ఇప్పుడు పొట్టు లేచిన చోట ఎర్రగా, అక్కడక్కడా గోధుమరంగులో కమిలినట్టు ఉంది. సబ్బు తగిలితే చురుక్కుమంటోందట. క్లినిక్‌కి ఫోన్ చేస్తే ‘అది నార్మలే, డాక్టర్ గారు సోమవారం వస్తారు’ అన్నారు.

ఇంట్లో ఒక్కొక్కరిదీ ఒక్కో వైద్యం. అమ్మ వెన్న రాయమంటోంది, అత్తయ్య కలబంద కోసి తెచ్చింది, నాన్న మందుల షాపు నుంచి ఏదో ట్యూబు పట్టుకొచ్చారు. పైగా పెళ్లికూతుర్ని చేసే రోజు నలుగు పెట్టాలి కదా, అది ఇంకో టెన్షన్. తెలిసినవాళ్లు చెప్పండి ప్లీజ్.

సాగరతీరం_సిస్టర్ · విశాఖపట్నం

స్కిన్ క్లినిక్‌లో నర్సుగా చేస్తాను. ముందు ఒక్క ప్రశ్న: మంట రోజురోజుకీ తగ్గుతోందా, పెరుగుతోందా? తగ్గుతుంటే సోమవారం దాకా ఆగొచ్చు. పెరుగుతుంటే ఆగొద్దు, ఇవాళే ఇంకో చర్మ డాక్టర్‌కి చూపించండి.

యెల్లో పీల్‌లో ఉండేది రెటినాల్, అంటే విటమిన్ ఎ జాతి మందు. రాసిన రోజు ఏమీ తెలియదు. రెండో రోజో మూడో రోజో పొట్టు మొదలై దాదాపు వారం దాకా ఊడుతుంది. నోటి మూలలు, ముక్కు పక్కలు, గడ్డం ఎక్కువగా ఊడతాయి, ఎందుకంటే మాట్లాడినా నవ్వినా కదిలేవి అవే. కాబట్టి మీరు చెప్పిన పొట్టు వరకూ భయం లేదు. గోధుమరంగు మీద మాత్రం కన్నేసి ఉంచాలి.

ఇప్పటికి ఇలా చేయించండి. సబ్బు పూర్తిగా బంద్. మామూలు స్నానం సబ్బులో క్షారం ఎక్కువ, పైపొర లేని చర్మం దాన్ని తట్టుకోదు. చల్లటి మంచినీళ్లతో కడిగి, నూలు గుడ్డతో అద్దాలి, తుడవకూడదు. మీ ఇంట్లో బోరు నీళ్లు ఉప్పగా ఉంటే కాచి చల్లార్చిన నీళ్లు వాడండి. తడి ఆరకముందే వాసన లేని మాయిశ్చరైజర్ రాయాలి. సెరమైడ్, గ్లిజరిన్, పాంథెనాల్, ఈ పేర్లలో ఏదో ఒకటి అట్ట మీద ఉంటే చాలు, ఖరీదైనదే కావాలని లేదు. మూతి మూలలకీ ముక్కు పక్కలకీ పైన పల్చగా వాజిలిన్. మంటగా ఉన్నప్పుడు గుడ్డని చల్లటి నీళ్లలో ముంచి పిండి పది నిమిషాలు కప్పండి. ఐసు ముక్క నేరుగా పెట్టొద్దు, ఐసు వల్ల కూడా చర్మం కాలుతుంది.

లేచిన పొట్టు లాగనివ్వకండి. వేలాడుతుంటే చిన్న కత్తెరతో ఆ ముక్క వరకే కత్తిరించండి. నా దగ్గరికి వచ్చే నల్ల మచ్చల్లో చాలావాటికి కారణం పీల్ కాదు, గోళ్లు.

విటమిన్ సి, రెటినాల్, సాలిసిలిక్ ఫేస్‌వాష్, స్క్రబ్, ఆవిరి పట్టడం, బ్లీచ్, త్రెడింగ్: ఇవన్నీ కనీసం వారం పదిరోజులు పక్కన పెట్టాలి.

మియాపూర్_మెట్రో

థాంక్స్ అక్కా, చాలా ధైర్యం వచ్చింది. మంట తగ్గుతోందనే అంటోంది. నాన్న తెచ్చిన ట్యూబు మీద బీటామెథాసోన్, నియోమైసిన్ అని రాసుంది. రాయొచ్చా?

చర్మం_పీజీ · కర్నూలు

డెర్మటాలజీ పీజీ చేస్తున్నాను. ఫొటో కూడా చూడకుండా రాస్తున్నాను కాబట్టి దీన్ని డాక్టర్ సలహా అనుకోకండి, సమాచారం అనుకోండి.

ఆ ట్యూబు పక్కన పెట్టేయండి. బీటామెథాసోన్ స్టెరాయిడ్. పీల్ మరీ గట్టిగా పనిచేసినప్పుడు మేమూ స్టెరాయిడ్ ఇస్తాం, కానీ తక్కువ బలానిది, ఒకట్రెండు రోజులకు, చూసి ఇస్తాం. ఇంట్లో జరిగేది వేరు. రాయగానే ఎరుపు మాయమవుతుంది, ‘భలే పనిచేసింది’ అని ఇంకో ట్యూబు కొంటారు. నెలలు గడిచాక అది రాయకపోతే ముఖం మండే స్థితికి వస్తుంది. చర్మం పల్చబడి రక్తనాళాలు కనిపిస్తాయి, మొటిమలు, అవాంఛిత రోమాలు. మన దేశంలో ఈ సమస్య ఎంత ఉందంటే దీనికి ‘టాపికల్ స్టెరాయిడ్ డ్యామేజ్డ్ ఫేస్’ అని వైద్య పరిభాషలో ఒక పేరే పెట్టారు. చర్మ వైద్యుల సంఘం ఐఏడీవీఎల్ దీని మీద ప్రత్యేకంగా టాస్క్‌ఫోర్స్ నడుపుతోంది. 2018లో కేంద్రం పైపూత స్టెరాయిడ్లను షెడ్యూల్ హెచ్‌లోకి తెచ్చింది. అంటే చీటీ లేకుండా అమ్మకూడదు. మీ నాన్నగారికి ఎంత సులువుగా దొరికిందో చూశారుగా.

ఇక నియోమైసిన్. అలెర్జీ తెప్పించే పైపూత మందుల్లో అది పేరుమోసినది. ప్రతి ఇంటి ఫ్రిజ్‌లో ఉండే ఫ్రామైసిటిన్ కూడా దాని కుటుంబమే. చీము లేనప్పుడు యాంటీబయాటిక్ పూత అవసరమే లేదు.

గోధుమరంగు గురించి. మనలాంటి చామనఛాయ చర్మంలో ఎక్కడ వాపు, మంట వచ్చినా రంగు కణాలు కంగారుపడి మెలనిన్ ఎక్కువ తయారు చేస్తాయి. మొటిమ మానాక నల్ల మచ్చ మిగలడమూ ఇదే, దోమ కుట్టిన చోట మచ్చ పడటమూ ఇదే. దీన్ని పోస్ట్ ఇన్‌ఫ్లమేటరీ హైపర్‌పిగ్మెంటేషన్, చిన్నగా పీఐహెచ్ అంటాం. అంటే నల్లబడేది మురికి బయటికి రావడం వల్ల కాదు, పార్లర్లలో అలా చెబుతారు. మంట ఎంత తొందరగా చల్లారితే రంగు అంత తక్కువ. ఊడబోయే పాత పొర కూడా ఊడేముందు ముదురుగా కనిపిస్తుంది. ఏది పొట్టు, ఏది మచ్చ అన్నది ఊడిపోయాకే తేలుతుంది.

గుంటూరు_అమ్మమ్మ · గుంటూరు

బాబూ, నేను ముగ్గురు ఆడపిల్లల పెళ్లిళ్లు చేశాను. ఒక్కరికీ ఈ పీళ్లూ లేజర్లూ లేవు. సున్నిపిండి, వెన్న, పసుపు, అంతే. ముఖాలు తళతళలాడేవి. యాసిడ్ పోసి తోలు ఊడగొట్టుకుని, మళ్లీ దానికి వైద్యం ఏమిటో! నలుగు శుభం. ముఖానికి పెట్టకపోతే ఎలా? మా ఇంట్లో నలుగు పిండిలో పెసలు, కచ్చూరాలు, బావంచాలు, కస్తూరి పసుపు, ఎండు గులాబీ రేకులు వేసి ఆడిస్తాం. అన్నీ ప్రకృతివే, ఏమీ కాదు.

చర్మం_పీజీ

అమ్మమ్మగారూ, మీ పిండి వాసన ఇక్కడిదాకా వచ్చింది, మా ఇంట్లోనూ అదే. కానీ అందులో ఒక వస్తువు గురించి చెప్పి తీరాలి. బావంచాలు. వాటిలో సోరలెన్ అనే పదార్థం ఉంటుంది. అది తగిలిన చర్మానికి ఎండ సోకితే మామూలు కంటే ఎన్నో రెట్లు స్పందిస్తుంది. అందుకే బావంచాలను ఆయుర్వేదంలో బొల్లికి వాడతారు. అల్లోపతిలోనూ సోరలెన్ ఇచ్చి యూవీఏ అనే అతినీలలోహిత కాంతి పెట్టే ‘పూవా’ చికిత్స ఉంది. రంగు లేని చోట రంగు తెప్పించడానికి వాడే వస్తువు అది! పైపొర ఊడిన ముఖానికి అదే రాసి, పెరట్లో ఎండలో పీట మీద కూర్చోబెడితే ఏమవుతుందో మీరే ఊహించండి. ఎర్రగా కాలి, తర్వాత నల్లబడుతుంది.

నిమ్మకాయ తొక్కలోనూ ఇదే జాతి పదార్థాలుంటాయి. నిమ్మరసం, తేనె ప్యాక్ వేసుకుని బయటికి వెళ్లినవాళ్ల బుగ్గల మీద చారలు చూశాను.

మామూలు చర్మానికి నలుగు పిండి వద్దని నేను అనడం లేదు. కానీ పిండి అన్నాక గరుకు ఉంటుంది, రుద్దుతాం, పసుపు పడనివాళ్లూ ఉంటారు. ఇప్పుడు ఆ అమ్మాయికి ఈ మూడూ వద్దు.

మియాపూర్_మెట్రో

అయ్య బాబోయ్, మా అత్తయ్య బావంచాలు ఇప్పటికే కొనేసింది.

గుంటూరు_అమ్మమ్మ

బావంచాల సంగతి నాకు ఇంతవరకూ ఎవరూ చెప్పలేదు. సరే, అయితే ఇలా చెయ్యండి. పెళ్లికూతురికి నలుగు చేతులకీ, కాళ్లకీ, భుజాలకీ పెట్టండి. ముఖం దగ్గరికొచ్చేసరికి ముత్తైదువలు వేలితో చెవి కింద తాకించి వదిలేస్తారు. మా అక్క కూతురికి ఆటలమ్మ తగ్గిన కొత్తలో పెళ్లైతే అలాగే చేశాం, పంతులుగారు కూడా ఏమీ అనలేదు. మాడు మీద పెట్టే నూనె మాత్రం ముఖం మీదకి కారనివ్వకండి.

మరి కలబంద చలవ కదా, అదీ వద్దా?

సాగరతీరం_సిస్టర్

మొక్క నుంచి కోసింది వద్దండీ అమ్మమ్మా. మట్ట కోయగానే కారే పసుపు జిగురు చూస్తారుగా, దురద దాని వల్లే. శుద్ధి చేసిన జెల్ వేరే సంగతి, కానీ అందులోనూ సెంటు, పచ్చరంగు కలిపినవే ఎక్కువ. వెన్న అంటారా, ఇంట్లో తీసింది అప్పటికప్పుడైతే చల్లగా హాయిగానే ఉంటుంది, కాదనను. కానీ పచ్చి చర్మం మీద పాల పదార్థం ఎందుకు, అదే పని వాజిలిన్ సూక్ష్మక్రిముల భయం లేకుండా చేస్తుంది.

గుంతల_రోడ్డు · బెంగళూరు

మొటిమల గుంటలకి ఫ్రాక్షనల్ సీఓటూ లేజర్ చేయించుకున్నవాణ్ణి. పేరు చూస్తే అర్థమయ్యే ఉంటుంది. పీల్‌కీ దీనికీ సంరక్షణ ఒకటే అనుకునేవాళ్ల కోసం రాస్తున్నాను.

సీఓటూలో చర్మం మీద సన్నటి రంధ్రాల వరసలు కాల్చేస్తారు, మధ్యలో మంచి చర్మం వదిలేస్తారు. మానడం ఆ మధ్య చర్మం నుంచే మొదలవుతుంది. ఆ సాయంత్రం పొయ్యి ముందు కూర్చున్నట్టు వేడి. రెండు మూడు రోజులు వాపు, పొద్దున లేచేసరికి కళ్ల కింద సంచులు. దిండు ఇంకోటి వేసుకుని తల ఎత్తులో పెట్టుకుంటే కొంచెం నయం. తర్వాత ముఖమంతా గోధుమరంగు సన్న చుక్కలు, ముట్టుకుంటే గరగర. అవి వారం లోపు వాటంతట అవే రాలతాయి.

నాకు డాక్టర్ చెప్పినదాంట్లో చాలామంది చేయనిది ఏంటంటే, చెక్కు కట్టనివ్వకపోవడం. ఎండబెడితే త్వరగా మానుతుందని మనవాళ్ల నమ్మకం కదా. నిజానికి తడిగా, జిడ్డుగా ఉంచితేనే కొత్త చర్మం త్వరగా పాకుతుంది. సెలైన్‌లో తడిపిన గుడ్డ, ఆపైన వాజిలిన్, రోజంతా అదే పని. దిండు గలీబు రోజూ మార్చాలి. టోపీ, హెల్మెట్ పట్టీ, ఏదీ ముఖానికి ఒరుసుకోకూడదు. బండి అసలు తీయకపోవడమే మంచిది, చెమటా దుమ్మూ రెండూ కలిసి వస్తాయి.

ఇంకోటి. చుక్కలు రాలేదాకా సన్‌స్క్రీన్ కూడా వద్దన్నారు, ఇంట్లో కూర్చోమన్నారు. పీల్‌కి మొదటి రోజు నుంచే సన్‌స్క్రీన్ అంటారు. ఇది ఎందుకు?

సాగరతీరం_సిస్టర్

ఎందుకంటే సీఓటూ తర్వాత మొదటి రోజుల్లో చర్మం తెరిచి ఉంటుంది. తెరిచిన పుండు మీద సన్‌స్క్రీన్ వేస్తే మంట, అలెర్జీ. అప్పుడు నీడే సన్‌స్క్రీన్. పైపొర మూసుకున్నాక మొదలుపెట్టాలి. పీల్‌లో చర్మం మూసుకునే ఉంటుంది కాబట్టి ముందే వేయొచ్చు. సన్న సూదులతో చర్మాన్ని గుచ్చే మైక్రోనీడ్లింగ్ ఈ రెంటికీ మధ్యలో వస్తుంది: సూది దారులు సుమారు ఒక రోజులో మూసుకుంటాయి. ఆ రోజు మేకప్, సన్‌స్క్రీన్, సీరం ఏవీ వద్దు, మాయిశ్చరైజర్ ఒక్కటే. సీరం రాస్తే లోపలికి బాగా పోతుందని యూట్యూబ్‌లో చెబుతారు. బాగా పోతుంది, నిజమే, దాంట్లోని సెంటు కూడా లోపలికి పోతుంది.

డాలస్_దోసె · టెక్సస్

ఇక్కడుండే మనవాళ్లకి రెండు మాటలు. లేజర్ హెయిర్ రిమూవల్‌కి వెళ్లినప్పుడు ఏ యంత్రమో అడగండి. తెల్ల చర్మం ఎక్కువగా చూసే చోట 755 నానోమీటర్ల అలెగ్జాండ్రైట్ లేజర్ పెట్టేస్తారు. మన రంగుకి 1064 నానోమీటర్ల ఎన్‌డీ యాగ్ లేజర్ ఎక్కువ సురక్షితం, అది పైనున్న మెలనిన్‌ని తక్కువగా పట్టించుకుని లోతుకి వెళ్తుంది. ముందుగా చెవి పక్కన చిన్న చోట టెస్ట్ చేసి కొన్ని రోజులు ఆగమని అడిగితే ఎవరూ కాదనరు. చేయించుకున్న వెంటనే వెంట్రుక మొదళ్ల చుట్టూ చిన్న ఉబ్బులు వస్తే కంగారు వద్దు, ఒకట్రెండు రోజుల్లో పోతాయి. నీటి పొక్కులు వస్తే మాత్రం అది కాలినట్టే.

పెదవి మీద అప్పుడప్పుడూ నీటి పొక్కులు లేచే అలవాటు ఉన్నవాళ్లు లేజర్‌కి ముందే డాక్టర్‌కి చెప్పాలి. అది హెర్పిస్, వేడికి మళ్లీ నిద్ర లేస్తుంది. నాకు దాని మందు వాలసైక్లోవిర్ ముందురోజే మొదలుపెట్టించారు.

కందిపొడి_నెయ్యి · వరంగల్

నా ప్రశ్న చిన్నది. పీల్ అయ్యాక వంకాయ, చేపలు, గోంగూర తినొద్దని మా పిన్ని పథ్యం పెట్టింది. నిజమా? ఇంకా, ఇక్కడ రోజూ మబ్బులే, సన్‌స్క్రీన్ దేనికి?

చర్మం_పీజీ

వాటిలో మీకు పడనిది ఏదైనా ముందే ఉంటే మానండి, లేకపోతే హాయిగా తినండి. వండేటప్పుడు పొయ్యి సెగ తగలకుండా చూసుకోవడం పథ్యం కంటే ముఖ్యం, మంగు మచ్చలున్నవాళ్లకి మరీ. వేడి కూడా రంగుని రెచ్చగొడుతుంది.

మబ్బుల్లోంచి యూవీఏ బాగానే దిగుతుంది. కిటికీ అద్దంలోంచి కూడా వస్తుంది, బస్సులో కిటికీ సీటు వాళ్లు గుర్తుంచుకోవాలి. ఎస్‌పీఎఫ్ 30 లేదా ఆ పైన, యూవీఏని ఎంత ఆపుతుందో చెప్పే పీఏ గుర్తు మూడు ప్లస్‌లైనా ఉన్నది తీసుకోండి. చూపుడువేలు, మధ్యవేలు పొడవునా పిండినంత క్రీమ్ ముఖానికీ మెడకీ కావాలి. మనం రాసేది సాధారణంగా అందులో సగం కూడా ఉండదు. బయట ఉంటే రెండు గంటలకోసారి మళ్లీ. చురుక్కుమంటే జింక్ ఆక్సైడ్ ఉన్నది వాడండి, కాస్త తెల్లగా కనిపించినా మంట పుట్టించదు. లేత గోధుమరంగు కలిపిన టింటెడ్ రకాల్లో ఐరన్ ఆక్సైడ్ ఉంటుంది, అది మామూలు వెలుతుర్ని కూడా అడ్డుకుంటుంది. మన చర్మంలో ఆ వెలుతురు కూడా మచ్చల్ని ముదురు చేస్తుంది కాబట్టి నేనైతే అదే చెబుతాను.

ఓల్డ్‌సిటీ_బిర్యానీ · హైదరాబాద్

మా ఫ్రెండ్ వాంపైర్ ఫేషియల్ చేయించుకుంటానని బ్యూటీపార్లర్‌లో అడ్వాన్స్ కూడా ఇచ్చింది. ఆఫర్ నడుస్తోందట. తర్వాత ఏం రాసుకోవాలో అడగమంది.

సాగరతీరం_సిస్టర్

ఆ అడ్వాన్స్ వదులుకోమని చెప్పండి. రక్తం తీసి, అందులోంచి ప్లాస్మా వేరు చేసి, సూదులతో ముఖంలోకి ఎక్కించే పని అది. పార్లర్‌లో చేసేది కాదు. అమెరికాలో న్యూమెక్సికో రాష్ట్రంలో లైసెన్స్ లేని ఒక స్పాలో ఇది చేయించుకున్నవాళ్లకి హెచ్‌ఐవీ సోకిందని అక్కడి వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ 2024లో ప్రకటించింది. ఆ స్పాని 2018లోనే మూయించారు. ఏ క్రీమూ దానికి సంరక్షణ కాదు. చేసే డాక్టర్ పేరు తెలంగాణ మెడికల్ కౌన్సిల్ రిజిస్టర్‌లో ఉందో లేదో చూడాలి, చర్మ వైద్యంలో ఎండీ, డీఎన్‌బీ, డీడీవీఎల్ లాంటి డిగ్రీ ఉండాలి, సూది కొత్త ప్యాకెట్ మన ఎదుటే విప్పాలి.

మోడరేటర్

ముఖం ఫొటోలు పెట్టొద్దు, క్లినిక్కుల పేర్లు రాయొద్దు. రెండు పోస్టులు తీసేశాం. చర్చ బాగుంది, కానివ్వండి.

మియాపూర్_మెట్రో

చెల్లిని ఇంకో డాక్టర్‌కి చూపించాం. పీల్ కొంచెం ఎక్కువసేపు ఉంచినట్టున్నారు, కాలలేదు, భయం లేదు అన్నారు. మందు ఏమీ రాయలేదు, మాయిశ్చరైజర్, జింక్ సన్‌స్క్రీన్ రెండే. అమ్మకి అదే నచ్చలేదు, ‘ఫీజు తీసుకుని మందు రాయడా’ అంటోంది. నెల తర్వాత మచ్చ మిగిలితే అజెలాయిక్ యాసిడ్ గురించి ఆలోచిద్దాం, అప్పటిదాకా తెల్లబరిచే క్రీములేవీ ముట్టుకోవద్దన్నారు. బుక్ చేసిన రెండో పీల్ రద్దు చేసుకుంది. క్లినిక్ డబ్బు తిరిగివ్వనంటోంది, అది వేరే గొడవ.

మేకప్ ఆర్టిస్ట్ ట్రయల్‌కి రమ్మంటోంది. ఎప్పుడు వెళ్లొచ్చు?

చర్మం_పీజీ

పొట్టు పూర్తిగా ఆగి, ముఖం కడిగితే మంట లేని రోజు నుంచి. అంతకు ముందు వేస్తే ఫౌండేషన్ పొలుసుల్లో ఇరుక్కుని, తీసేటప్పుడు రుద్దాల్సి వస్తుంది. మేకప్ బ్రష్షులు ఆవిడవి కాకుండా సొంతవి కొనుక్కోండి. ట్రయల్ ముందు ఆ ఫౌండేషన్‌ని చెవి వెనక రాసి ఒక రోజు చూడండి. పెళ్లికి నెల లోపల కొత్త చికిత్స ఏదీ వద్దు, పార్లర్‌లో ‘చిన్న ఫేషియలే’ అన్నా సరే.

మచ్చ మిగిలినా పైపొరలో ఉండేది నెలల్లో పల్చబడుతుంది. పెళ్లి రోజుకి కన్సీలర్ ఉంది.

గుంతల_రోడ్డు

డాక్టర్ గారూ, మొటిమలకి ఐసోట్రెటినాయిన్ మాత్ర వేసుకునేవాళ్లు అది ఆపాక ఆర్నెల్లు ఆగాలంటారు, మా తమ్ముడికి పీల్ చేయించాలి.

చర్మం_పీజీ

పాత నియమం అది. 2017లో అమెరికా చర్మ శస్త్రవైద్యుల సంఘం నిపుణులు పాత కేసులన్నీ తిరగేసి, పైపైన చేసే పీల్స్‌కీ హెయిర్ రిమూవల్ లేజర్‌కీ అంత ఆగడానికి తగిన ఆధారం లేదన్నారు. ముఖమంతా గీకే డెర్మాబ్రేషన్, పూర్తిగా పొర కాల్చే లేజర్‌లకి మాత్రం ఆగాల్సిందే. అయినా ఆ మాత్రతో చర్మం, పెదాలు ఎండిపోయి ఉంటాయి కాబట్టి పీల్ బలం తగ్గించాలి. మాత్ర సంగతి డాక్టర్‌కి దాచొద్దని చెప్పండి.

రాయలసీమ_రాగిసంకటి · అనంతపురం

మగవాళ్ల గురించి ఎవరూ మాట్లాడరేం? గ్లైకాలిక్ పీల్ చేయించుకున్నాను, పొట్టు అసలు రాలేదు. డబ్బులు దండగేనా? గడ్డం ఎప్పుడు గీసుకోవాలి?

సాగరతీరం_సిస్టర్

దండగేం కాదు అన్నా. గ్లైకాలిక్ తక్కువ శాతంలో వేస్తే చాలామందికి కంటికి కనిపించే పొట్టు రాదు, లోపల పని జరుగుతూనే ఉంటుంది. పొట్టు రాలేదని శాతం పెంచమని అడగొద్దు. గడ్డానికి అయిదారు రోజులు ఆగండి. తప్పదనుకుంటే బ్లేడు కాకుండా ట్రిమ్మర్ వాడండి, చర్మానికి ఆనించకుండా. ఆఫ్టర్‌షేవ్ మాత్రం ఈ నెల మర్చిపోండి, అందులో ఉండేది స్పిరిట్.

రాయలసీమ_రాగిసంకటి

మా సెలూన్‌లో పటిక రుద్దుతాడు, అది పర్లేదా?

సాగరతీరం_సిస్టర్

వద్దు. సెలూన్‌కే వెళ్లొద్దు ఈ వారం.